సాకైకి గాలం ఎక్కడ గుచ్చుకున్నా మనదేనా?

అలాస్కాలో కూపర్ ల్యాండింగ్ దగ్గర రష్యన్ నది కీనైలో కలుస్తుంది. ఏటా జూన్ 11న సాకై సాల్మన్ సీజన్ మొదలవగానే నా గైడు పని అక్కడే. సియాటెల్ నుంచి, బే ఏరియా నుంచి కుటుంబాలతో వచ్చే మనవాళ్లందరిదీ ఒకటే మాట: “నదిలోకి వచ్చాక సాకై ఏమీ తినదట కదండీ! ఇక ఎక్కడో ఒకచోట గుచ్చి లాగడమేగా?”

తినదన్నది నిజమే. గుచ్చి లాగడమన్నదే జేబుకు చిల్లు. వీపుకో తోకకో గాలం దిగిన చేపను వెంటనే వదిలేయాలని చట్టం. కావాలని అలా లాగితే జరిమానా. మరి నోటికెలా తగులుతుందంటారా? సాకై నోరు తెరుస్తూ మూస్తూ ఎదురీదుతుంది. బరువును, ఈకలు కట్టిన గాలానికి కనీసం 18 అంగుళాల పైన కట్టి, అడుగు రాళ్లను తాకుతూ ప్రవాహంలో పోనివ్వండి. దారం ఆ నోట్లోంచి జారి, గాలం దవడ పక్కన పట్టుకుంటుంది. ఆగినట్టు తెలియగానే కర్రను కాస్త ఎత్తితే చాలు. బావిలో చేద లాగినట్టు లాగితే వీపుకే దిగుతుంది.

పోయిన ఏడాది ఒకాయనకు అలాగే వీపు రెక్కలో దిగింది. “ఎవరు చూశారు బావా, సంచిలో వెయ్యి” అని ఒడ్డు మీది బావమరిది. ఎదుటి ఒడ్డున ఒకాయన దుర్భిణి పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు! చేపను నీళ్లలోనే ఉంచి, పట్టకారుతో గాలం తీసి వదిలేశాం. ఆ రోజు ఆయనకు మరొకటి పడలేదు. బావమరిది సణుగుడు కారు దాకా ఆగలేదు.

ఇంటిల్లిపాదికీ ఒకే లైసెన్సు చాలదు. బయటి రాష్ట్రాలవారిలో 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడిగా ఉండాలి. కీనై ముఖద్వారంలో చేతి వలతో పట్టే వీడియోలు చూసి రాకండి, అది అలాస్కా నివాసులకే. రోజుకు ఎన్ని చేపలన్నది సీజన్ మధ్యలోనూ మారుతుంది, బయలుదేరే ముందు చూసుకోండి.

పసిపిల్లలతో గుడారంలో పడుకుని, ఎలుగుబంటి భయంతో తెల్లవార్లూ మేలుకునే తల్లులను చూసి నేను నవ్వను. మంట వేస్తే రాదన్న పుకారును మాత్రం నమ్మకండి. అది వాసన పట్టి వస్తుంది. చేపలూ పులిహోర డబ్బానే కాదు, టూత్‌పేస్టు కూడా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టండి.

తాజా చేపే కదా అని పచ్చిగా తినకండి, సాల్మన్‌లో పరాన్నజీవులుంటాయి. పచ్చిగానే కావాలంటే ముందు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు గడ్డకట్టించాలి. పులుసు పెట్టేవారికి ఆ బెంగ లేదు.