మాటలు రాలేదంటే ముందు చెవి చూపించండి: పసిపిల్లల గురించి అపోహలు, వాస్తవాలు

విశాఖలో చిన్నపిల్లల ఎదుగుదల థెరపిస్టుగా పనిచేస్తున్నాను. గాజువాక నుంచి వచ్చినా మధురవాడ నుంచి వచ్చినా కొత్తగా అమ్మానాన్నలైన వాళ్ళు నాతో అనే మాటలు కొన్ని ఒకేలా ఉంటాయి. వాటిలో పిల్లలకి నష్టం చేసేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మగపిల్లాడు కదండీ, మాటలు ఆలస్యమే. వాళ్ళ నాన్నకీ మూడేళ్ళు దాటాకే వచ్చాయి. వస పోస్తున్నాం, వచ్చేస్తాయి."

వాస్తవం: మగపిల్లలు సగటున కాస్త ఆలస్యంగా మాట్లాడతారన్న మాట నిజమే, కానీ ఆ తేడా నెలల్లో ఉంటుంది, ఏళ్ళలో కాదు. ముందు చూడాల్సింది చెవి. "గిన్నె మీద గరిటెతో కొట్టాం, గిరుక్కున తిరిగాడు" అంటారు. గిన్నె చప్పుడు పెద్దది, పైగా మీ చెయ్యి కదలడం వాడికి కనిపిస్తుంది. అది వినబడిన బిడ్డకే "స", "ష" లాంటి సన్నటి శబ్దాలు అందకపోవచ్చు. ఇంకో సంగతి, పుట్టుకతో వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో "ఉంగా ఉంగా" అంటారు, అది విని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉండిపోతారు, ఆ తర్వాత "తాతాతా", "అత్తత్త" రావాల్సిన వయసులో సందడి తగ్గిపోతే నెమ్మదైన పిల్ల అని మురిసిపోతారు. అలా రెండున్నరేళ్ళు గడిచాక నా దగ్గరికి వచ్చిన పాపని నేను మర్చిపోలేను. వినికిడి పరీక్ష పుట్టిన నెలలోపు, తేడా ఉంటే నిర్ధారణ 3 నెలల్లోపు, వినికిడి మిషన్ గానీ చికిత్స గానీ 6 నెలల్లోపు జరగాలి. ఆ మొదటి పరీక్ష బిడ్డ నిద్రలో ఉండగానే చెవిలో చిన్న గొట్టం పెట్టి చేస్తారు, నొప్పి ఉండదు. ఆసుపత్రిలో చెయ్యకపోతే మీరే అడగండి. వసతో మాటలు రావు, వాంతులు, మత్తు మాత్రం రావచ్చు.

అపోహ: వాకర్‌లో వేస్తే తొందరగా నడుస్తారు.

నడవరు. మునివేళ్ళతో తోసుకోవడం అలవాటవుతుంది, ఒక్కోసారి నడక ఇంకా వెనకబడుతుంది. మెట్ల మీంచి పడే ప్రమాదం వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నేల మీద చాప పరిచి వదలండి చాలు. 9 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడు నడిచినా మామూలే, పక్కింటి బాబుతో పోల్చి టెన్షన్ పడొద్దు.

అపోహ: మే నెల ఉక్కపోతకి పసిబిడ్డ గొంతెండిపోతుంది, రెండు చెంచాల నీళ్ళు పట్టాలి.

తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్ళే. 6 నెలలదాకా వేరే నీళ్ళు అక్కర్లేదు, ఎండాకాలం ఇంకో రెండుసార్లు పాలివ్వండి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించకండి.

అపోహ: నెలల పిల్లకి ఏం తెలుస్తుంది, దానితో మాటలేమిటి?

పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో బాగా కనిపిస్తుంది. పాలు తాగుతున్నప్పుడు అమ్మ ముఖం ఉండేది సరిగ్గా అక్కడే! అమ్మ గొంతు కడుపులో ఉన్నప్పుడే పరిచయం. పాలిచ్చేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఆ ముఖంలోకి చూడండి, నాన్నలైతే స్నానం చేయించేటప్పుడు కబుర్లు చెప్పండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి బిడ్డ మీ వంక చూసి నవ్వుతుంది.

అపోహ: బిడ్డ పుట్టాక ఏడ్చే తల్లికి బిడ్డ మీద ప్రేమ లేదు.

ఈ మాట ఎవరన్నా తప్పే. మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి జరిగేదే. అది దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాకపోతే డాక్టర్‌కి చెప్పాలి. బయటికి వెళ్ళలేకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి, డబ్బులేమీ పడవు. తల్లి చెయ్యలేని స్థితిలో ఉంటే ఆ ఫోన్ భర్త చెయ్యాలి.