జ్వరం లెక్కలు: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే రోగాల మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ విభాగంలో మాకు ఫోన్లు ఆగవు. వరంగల్, హనుమకొండల్లో మళ్లీ మళ్లీ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ప్రైవేటు ల్యాబ్‌లో డెంగీ అని వచ్చినా సర్కారు లెక్కలో రాయరు, దాచేస్తారు.

వాస్తవం: ఒక తల్లి నన్ను నిలదీసింది. "పాపకు డెంగీ అని కార్డు టెస్టులో వచ్చింది, మీ లిస్టులో ఎందుకు లేదు సార్?" ఆమె కోపం న్యాయమే, ఎవరూ విడమర్చి చెప్పలేదు మరి. అక్కడికక్కడే ఫలితం చెప్పే కార్డు టెస్టులో పాజిటివ్ వస్తే మేం అనుమానిత కేసుగా రాసుకుంటాం. ఎలైజా అనే, ల్యాబ్‌లో చేసే పక్కా రక్త పరీక్షలో తేలితేనే నిర్ధారిత కేసు. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) చూస్తారు. వైద్యం మాత్రం ఈ లెక్క కోసం ఆగదు. మేమూ ఆగకూడదు, అనుమానం ఉందని తెలియగానే ఆ వాడకు వెళ్లాలి. ల్యాబ్ వాళ్లు కార్డు రిపోర్టు చేతికిచ్చి, ఎలైజాకు శాంపిల్ పంపకపోతే ఆ కేసు ఎటూ తేలకుండా పోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

అపోహ: అడ్రస్ ఏది రాయిస్తే ఏముంది?

వాస్తవం: చాలా ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి హనుమకొండ ఆసుపత్రులకు వస్తారు. దగ్గరని ఇక్కడి చుట్టాల ఇంటి అడ్రస్ రాయిస్తారు. కేసు లెక్కలోకి ఎక్కేది ఆ అడ్రస్ మీదే. మా వాళ్లు చుట్టాల ఇంటి చుట్టూ లార్వా (నీళ్లలో ఉండే దోమ పిల్ల పురుగులు) వెతుకుతుంటే, అసలు దోమ ఊళ్లోని నీళ్ల గోలెంలోనే పెరుగుతుంటుంది. సొంతూరు, వాడ, ఫోన్ నంబరు సరిగ్గా చెప్పండి. పేర్లు బయటపెట్టం.

అపోహ: ఫాగింగ్ చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: పొగకు ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలోని లార్వా చావదు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే పెట్టి కూలర్లు, డ్రమ్ములు వారానికోసారి ఆరబెట్టమనేది అందుకే.

అపోహ: రిపోర్టు చేసేది పెద్దాసుపత్రులే.

వాస్తవం: ముందుగా పసిగట్టేది ఊళ్లో తిరిగే ఏఎన్ఎం (నర్సమ్మ), ఆశ అక్కలు. లక్షణాలు ఏఎన్ఎం ఎస్ ఫారంలో, డాక్టరు అనుమానం పీ ఫారంలో, ల్యాబ్ ఫలితం ఎల్ ఫారంలో నమోదవుతాయి. 2004లో మొదలైన దేశవ్యాప్త రోగాల నిఘా కార్యక్రమం ఐడీఎస్‌పీలో వారానికోసారి లెక్క వచ్చేది. 2021లో దేశమంతటికీ ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ పోర్టల్ వచ్చాక ఏ రోజుది ఆ రోజే కనిపించే వీలుంది. ఒకే వాడలో నలుగురికి విరేచనాలంటే పైపు ఎక్కడ పగిలిందో చూస్తాం, నల్లా నీళ్లలో క్లోరిన్ ఉందా లేదా పరీక్షిస్తాం.

అపోహ: కేసుల్లేకపోతే రిపోర్టు ఎందుకు?

వాస్తవం: దేశంలో చివరి సహజ పోలియో వైరస్ కేసు 2011 జనవరిలో బయటపడింది. అయినా పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే నేటికీ రెండు మలం శాంపిళ్లు పంపుతాం. కేసులు లేని వారం సున్నా అని రాసి పంపాలి. సున్నా పంపిన పీహెచ్‌సీలో ఎవరో వెతికి చూశారని అర్థం. ఏమీ పంపని పీహెచ్‌సీకి నేను ఫోన్ చేస్తాను.