పలకరిస్తే ఏమనుకుంటారో

మియాపూర్ మెట్రో ప్లాట్‌ఫాం మీద ఆయన్ని దాదాపు రెండేళ్లుగా చూస్తున్నాను. చేతిలో నీలం రంగు లంచ్ బ్యాగు, చొక్కా జేబులో రెండు పెన్నులు. చివరి బోగీ ఆగే చోట నిలబడతారు. నేనూ అక్కడే నిలబడతాను. ఎప్పుడైనా చూపులు కలిస్తే ఇద్దరం ఒకేసారి ఫోన్లలోకి తల దించేస్తాం.

అదే నేను గౌతమి ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌లో ఊరికి వెళ్తుంటే, బండి సికింద్రాబాద్ దాటేలోపే ఎదుటివాళ్ల ఊరు, ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ తెలిసిపోతాయి. పులిహోర డబ్బా చేతులు మారుతుంది. మరి మెట్రోలో నోరెందుకు పెగలదు?

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ దీని గురించి వందేళ్ల కిందటే రాశాడు. 19వ శతాబ్దంలో బస్సులు, రైళ్లు, ట్రాములు వచ్చేదాకా మనుషులకు ఒక్క మాటా లేకుండా నిమిషాలు, గంటల తరబడి ఒకరినొకరు చూస్తూ కూర్చోవాల్సిన అవసరమే రాలేదన్నాడు. నిజమే. మా ఊళ్లో కొత్త మనిషి కనిపిస్తే "ఎవరింటికి బాబూ?" అని అడగకుండా వదలరు. పక్కపక్కనే ఉండి మాట్లాడకపోవడం మనం ఈమధ్యే నేర్చుకున్న పని.

దీన్ని తప్పని కొట్టిపారేయను. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో దీనికి 'సివిల్ ఇనటెన్షన్' అని పేరు పెట్టాడు. మర్యాదగా పట్టించుకోకపోవడం అన్నమాట. ఎదురుగా వచ్చే మనిషిని ఒకసారి చూస్తాం, 'మీరున్నారని గమనించాను' అన్నట్టు. దగ్గరికి రాగానే చూపు దించేస్తాం. రాత్రిపూట ఎదురొచ్చే బండికి లైట్ డిమ్ చేసినట్టు అని ఆయనే పోల్చాడు. ఆ కాస్త చూపు కూడా లేకపోతే ఎదుటి మనిషిని గాలిలా దాటేసినట్టే. చూపు తిప్పుకోకపోతే గుడ్లప్పగించి చూడటమే.

ఆ రెండోది చిన్న విషయం కాదు. 1972లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగిన డ్రైవర్లను ఒకరు కన్నార్పకుండా చూశారు. అలా చూసినప్పుడు, సిగ్నల్ మారగానే వాళ్లు మామూలు కంటే వేగంగా దాటిపోయారు. కదలని చూపును మన ఒళ్లు బెదిరింపుగానే తీసుకుంటుంది. బస్సులో, మెట్రోలో ఎగాదిగా చూసే చూపులు రోజూ భరించే ఆడపిల్లలకు దీన్ని ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగితే అది పొగరు కాదు, రక్షణ. దాన్ని గౌరవించాల్సిందే.

ఇరుకు కూడా ఒక కారణం. మనస్తత్వ పరిశోధకులు మైకేల్ ఆర్గైల్, జానెట్ డీన్ 1965లో చూపించింది ఇదే: మనుషుల మధ్య దూరం తగ్గేకొద్దీ కళ్లల్లోకి చూసుకోవడం తగ్గుతుంది. భుజం భుజం రాసుకుంటుంటే, ఎక్కువైన దగ్గరతనాన్ని చూపు తిప్పుకుని సరిచేసుకుంటాం.

అయితే మౌనమంతా మర్యాద, రక్షణే అనుకుంటే పొరపాటు. షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు లోకల్ రైలు ప్రయాణికుల మీద చేసిన ప్రయోగాలు 2014లో అచ్చయ్యాయి. కొందరిని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొందరిని ఒంటరిగా కూర్చోమన్నారు, మిగతావాళ్లను రోజూలాగే వెళ్లమన్నారు. ఏది హాయిగా ఉంటుందో ఊహించమంటే ప్రయాణికులు ఒంటరిగా కూర్చోవడమే అన్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ల ప్రయాణమే ఎక్కువ హాయిగా సాగింది. పక్కవాళ్లలో సగం మంది కూడా మాట్లాడటానికి ఇష్టపడరని అనుకున్నారు. కానీ మాట కలిపినవాళ్లలో ఒక్కరు కూడా తమను కసురుకున్నారని చెప్పలేదు.

నన్ను కదిలించింది ఇదే. 'ఏమనుకుంటారో' అన్న టెన్షన్ ఇటువైపూ ఉంది, అటువైపూ ఉంది. ఎదుటివాళ్ల మౌనాన్ని చూసి ఎవరికి వాళ్లు, 'ఈయనకు మాట్లాడటం ఇష్టం లేదు' అనుకుంటున్నారు.

స్లీపర్‌లో ఈ చిక్కు లేదు. మిడిల్ బెర్త్ ఎప్పుడు వేసుకోవాలో అడగాలి, టాయిలెట్‌కి వెళ్తూ సామాను చూస్తుండమనాలి. మాట కలపడానికి సాకు రైలే ఇస్తుంది. మెట్రోలో అలాంటి సాకేదీ దొరకదు.

రోజూ చూస్తూ ఒక్కసారీ మాట్లాడని మనుషులను మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో 'తెలిసిన అపరిచితులు' అన్నాడు. అలవాటైన చోటికి ఎంత దూరంలో ఎదురుపడితే వాళ్లను పలకరించడం అంత తేలికట. మెట్రోలో ముఖం చాటేసే మనిషే తిరుమల క్యూలో కనిపిస్తే "మీరు మియాపూర్‌లో ఎక్కుతారు కదూ!" అంటాం.

లంచ్ బ్యాగు పెద్దమనిషి సంక్రాంతి తర్వాత మూడు వారాలు కనిపించలేదు. ఓ సోమవారం ఎడమ చేతికి కట్టుతో వచ్చారు. ఆగలేకపోయాను.

"ఏమైందండీ?"

"బండి మీంచి పడ్డానండీ. ఇప్పుడు పర్లేదు" అని కాస్త నవ్వారు. "మీరు కూడా నవంబర్‌లో వారం రోజులు రాలేదు కదా? ఒంట్లో బాగాలేదేమోనని మా ఆవిడతో కూడా అన్నాను."

నవంబర్‌లో నాకు వైరల్ జ్వరం.