పేగు మెడకి చుట్టుకుంటే గండమా, బొడ్డుతాడులో రెండే నరాలుంటే లోపమా: అపోహలు - వాస్తవాలు

స్కానింగ్ రూమ్‌లో రోజంతా కూర్చునేదాన్ని కదా, గర్భిణులు నన్ను అడిగేవాటిలో సగం బొడ్డుతాడు గురించే ఉంటాయి. తమాషా ఏంటంటే, పెద్దగా భయపడక్కర్లేనివాటికి ఏడుస్తూ వస్తారు, నిజంగా భయపడాల్సినవాటి గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తరు.

మొన్న ఒకమ్మాయి వచ్చింది, ఐదో నెల, వేరే చోట టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ వరసగా చూసేది) చేయించుకుని ఆ రిపోర్టు పట్టుకొచ్చింది. అందులో "టూ వెసెల్ కార్డ్" అన్న లైను కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. రాత్రంతా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చుందట, కళ్ళు వాచిపోయున్నాయి. వెనకాలే అత్తగారు, "రెండే నరాలంట కదమ్మా, బిడ్డకి కాళ్ళూ చేతులూ సరిగ్గా వస్తాయంటావా, తీయించేద్దామా" అంటోంది.

అపోహ: రెండే నరాలుంటే బిడ్డ అవకరంతో పుడుతుంది

మామూలుగా బొడ్డుతాడులో మూడు రక్తనాళాలుంటాయి, ఒక పెద్ద సిర, రెండు సన్నటి ధమనులు. చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తిరగేసి చెప్తారు గానీ, మాయ నుంచి మంచి రక్తం బిడ్డకి తెచ్చేది సిర, బిడ్డ వాడేసిన రక్తాన్ని వెనక్కి మోసేవి ధమనులు. నూటికి ఒకరికి, కాస్త అటూఇటూగా, ధమని ఒక్కటే ఉంటుంది, కవలల్లో ఇంకొంచెం ఎక్కువ. తెచ్చే గొట్టం బాగానే ఉంది, తీసుకెళ్ళేవాటిలో ఒకటి లేదు, ఉన్నదే కాస్త లావై రెండిటి పనీ లాక్కొస్తుంది. అంతే.

ఆ అమ్మాయికి జెల్ రాసి నేనే మళ్ళీ చూశాను. లోపల బిడ్డ మూత్రాశయం నల్లటి చుక్కలా కనపడుతుంది, రక్తం పారేచోట రంగు చూపించే కలర్ డాప్లర్ ఆన్ చేస్తే దానికి అటొకటి ఇటొకటి రంగు గీతలు రావాలి, అవే రెండు ధమనులు. ఈ బిడ్డకి ఎడమవైపు గీత లేదు. ఎక్కువమందిలో లేకుండా పోయేది ఎడమదే.

అయితే దీన్ని పూర్తిగా కొట్టిపారేయడం కూడా తప్పే. ఇలాంటి పదిమందిలో ఇద్దరు ముగ్గురికి వేరే ఏదో లోపం కూడా ఉండొచ్చు, ముఖ్యంగా గుండె, కిడ్నీలు. అందుకే ఆ రెండూ ఓపిగ్గా చూస్తాం, అవసరమైతే ఫీటల్ ఎకో, అంటే బిడ్డ గుండెకి ప్రత్యేకంగా చేసే స్కాన్, రాస్తాం. వేరే లోపం కూడా ఉంటే జన్యు పరీక్షల గురించి కూర్చోబెట్టి మాట్లాడతాం. మిగతావన్నీ శుభ్రంగా ఉంటే, కేవలం ఈ ఒక్క కారణానికి ఉమ్మనీరు తీసి టెస్టు చేయక్కర్లేదు, తీయించేసుకోవడమనే మాటే లేదు. ఇలాంటి బిడ్డల్లో కొందరు బరువు తక్కువ పెరుగుతారు కాబట్టి ఏడో నెల నుంచి గ్రోత్ స్కాన్లు మాత్రం మానొద్దు. ఇంకోటి, ఆ లేని నరం మొలవడానికి టానిక్ లేదు, ఎవరన్నా అమ్మితే కొనకండి.

అపోహ: పక్కకి తిరిగేటప్పుడు లేచి కూర్చుని తిరగకపోతే పేగు మెడకి చుట్టుకుంటుంది

ఇది మా అమ్మ నాకూ చెప్పింది, నేను ఎంబీబీఎస్ అయ్యాక! నిద్రలో పదిసార్లు లేచి కూర్చుని మళ్ళీ పడుకునే ఆడవాళ్ళని చూస్తే జాలేస్తుంది. దండెం మీద బట్టలు ఆరేసినా అంతేనంటారు. తాడు చుట్టుకునేది మీరు తిరిగినందుకు కాదు, ఉమ్మనీళ్ళలో బిడ్డే పల్టీలు కొడుతుంది కాబట్టి, పైగా తాడు అర మీటరు పొడవు ఉంటుంది. కాన్పు సమయానికి దాదాపు నలుగురిలో ఒకరికి మెడ చుట్టూ ఒక చుట్టు ఉంటుంది, తల బయటికి రాగానే వేలితో పైనుంచి తప్పించేస్తారు.

"మరి గొంతు బిగుసుకోదా" అంటారు. లోపల బిడ్డ గొంతుతో గాలి పీల్చదు కదండీ, ఆక్సిజన్ తాడులోంచే వస్తోంది. మనకి భయం తాడు నొక్కుకుపోతేనే. ఆ నొక్కుడు పడకుండా ఉండటానికే నరాల చుట్టూ జిగురు లాంటి మెత్తటి పదార్థం ఉంటుంది, 1656లో దాని గురించి రాసిన ఇంగ్లండ్ డాక్టర్ థామస్ వార్టన్ పేరుతో దాన్ని వార్టన్స్ జెల్లీ అంటాం. నొప్పుల టైంలో బిడ్డ గుండె కొట్టుకోవడం మానిటర్‌లో చూస్తూ ఉంటాం, తేడా వస్తే అప్పుడు ఆపరేషన్. స్కాన్‌లో చుట్టు కనపడింది కదాని ముందే సిజేరియన్ రాయించుకోవాల్సిన పనిలేదు.

మేనమామ గండం సంగతి నన్నడక్కండి. పేగు మెడలో వేసుకుని పుట్టిన పాప మొహం మామయ్యలు నూనెలో చూస్తామంటే చూసుకోండి, నష్టం లేదు, నూనె మాత్రం పాపకి దూరంగా పెట్టండి.

ఎవరూ అడగనిది

తాడు మాయకి ఎక్కడ అతుక్కుంది అని నన్ను ఇంతవరకూ ఏ గర్భిణీ అడగలేదు. మామూలుగా మాయ మధ్యలోనో కాస్త పక్కగానో ఉంటుంది. కొందరిలో మాయదాకా రాకుండా ఉమ్మనీటి సంచి పొర మీదే అతుక్కుని, నరాలు జెల్లీ రక్షణ లేకుండా పొరలో పాక్కుంటూ వెళ్తాయి. అవి గర్భాశయ ముఖద్వారం మీదుగా పోతే దాన్ని వాసా ప్రీవియా అంటాం. ఉమ్మనీరు పోయేటప్పుడు పొరతోపాటు ఆ నరం చినిగిందంటే కారేది తల్లి రక్తం కాదు, బిడ్డది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి రెండు మూడు చిన్న టీ గ్లాసులే, ఎంతసేపు ఆగుతుంది చెప్పండి. 2004లో 155 కేసుల మీద వచ్చిన స్టడీలో, ముందే స్కాన్‌లో తెలిసినవాళ్ళ బిడ్డల్లో 97 శాతం బతికారు, తెలియనివాళ్ళలో 44 శాతమే. ముందే తెలిస్తే నొప్పులు రాకముందే, 34 నుంచి 37 వారాల మధ్య సిజేరియన్ ప్లాన్ చేస్తాం. మాయ కిందికి ఉందన్నా, ఐవీఎఫ్ అయినా, కవలలైనా ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

అపోహ: డాప్లర్ చేస్తే బిడ్డకి రేడియేషన్

అది శబ్ద తరంగమే, ఎక్స్‌రే కాదు. ఊరికే సరదాకి చేయం, బిడ్డ పెరగట్లేదని అనుమానం వస్తే బొడ్డుతాడు ధమనిలో రక్తం ఎలా పోతోందో చూస్తాం. స్క్రీన్ మీద రంపం పళ్ళలా గ్రాఫ్ వస్తుంది, పన్నుకీ పన్నుకీ మధ్య కూడా రక్తం ముందుకే పోతూ ఉండాలి. మాయ పాడయ్యేకొద్దీ ఆ మధ్యలో ఆగిపోతుంది, ఇంకా ముదిరితే వెనక్కి తిరుగుతుంది, అలా తిరిగిందంటే ఇక ఇంటికి పంపం, అడ్మిట్ చేసేస్తాం.

అపోహ: నెలలు నిండితే బిడ్డ కదలడం తగ్గుతుంది

తగ్గదు. కదిలే తీరు మారొచ్చు, తగ్గకూడదు. రోజూ ఉండే కదలిక తగ్గిందనిపిస్తే చల్లటి నీళ్ళు తాగి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, అర్ధరాత్రయినా సరే కాన్పులు చేసే ఆసుపత్రికి వెళ్ళి గుండె చప్పుడు చూపించుకోండి. ఏమీ లేదని తేలి తిరిగి ఇంటికొచ్చినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.