ల్యాపులు పెంచితే వేగం పెరుగుతుందా?

చిత్తూరు జిల్లా పల్లెల్లో పుట్టి నలభై దాటిన వాళ్లలో చాలామందికి ఈత వచ్చింది వ్యవసాయ బావుల్లోనే. వేసవి సెలవుల్లో నడుముకు ఎండిన సొరబుర్రో, మునగ బెండో కట్టి పెద్దవాళ్లు నీళ్లలోకి తోసేవారు. బావిలో తల ఎప్పుడూ నీటి పైనే ఉండాలి. గట్టు మీది నుంచి ఎవడు మన నెత్తిన దూకుతాడో కనిపెట్టుకోవాలి కదా! మునగకుండా ఉండటమే అక్కడ విద్య. అవతలి గోడకు ఎంత త్వరగా చేరామన్నది ఎవరూ అడగరు.

ఆ తరం ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగాలు చేసుకుంటూ, షుగర్ పరీక్ష కాగితం చూసి ఉలిక్కిపడి, పొద్దున్నే స్విమ్మింగ్ పూల్ బ్యాచిల్లో చేరుతోంది. కొన్ని వారాలకు ఊపిరి కుదురుతుంది. ఇక పక్క లేన్లో పదిహేనేళ్ల కుర్రాడు దాటిపోతుంటే పాత పౌరుషం లేస్తుంది. అప్పుడు అందరూ చేసేది ఒకటే: ఇరవై ల్యాపులు (కొలను ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక ల్యాపు) ఈదేవారు ముప్పై ఈదుతారు. దమ్ము పెరుగుతుంది. వేగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కారణం నీటిలోనే ఉంది. గాలి కంటే నీటి సాంద్రత సుమారు 800 రెట్లు ఎక్కువ. మనల్ని ఆపే నిరోధం దాదాపుగా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని నెట్టుకుపోవడానికి సెకనుకు ఖర్చు పెట్టాల్సిన శక్తి ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 50 మీటర్లను 40 సెకన్లలో ఈదే మనిషి 36 సెకన్లకు రావాలంటే వేగం తొమ్మిదో వంతు పెరిగితే చాలు. కానీ సెకనుకు పెట్టాల్సిన శక్తి 37 శాతం పెరగాలి. నలభై అయిదేళ్ల కండరాల నుంచి అంత అదనంగా రాబట్టడం మాటలు కాదు. అంతకంటే నిరోధాన్ని తగ్గించుకోవడం ఎంతో చవక.

ఫ్రీస్టైల్‌లో, అంటే బోర్లా ఉండి చేతులు మార్చి మార్చి వేసే ఈతలో, అందుకు మొదట వదలాల్సింది తల పైకెత్తే బావి అలవాటే. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది. కాళ్లు బరువు, దిగిపోతాయి. నీటిలో మనిషి ఛాతీ దగ్గర వేలాడదీసిన త్రాసులాంటి వాడు. తల పైకి లేస్తే నడుము, కాళ్లు కిందికి పోతాయి. నీటికి ఎదురుపడే వైశాల్యం పెరుగుతుంది. చూపు ఎదుటి గోడ మీద కాకుండా కొలను అడుగున ఉన్న గీత మీద నిలిస్తే నడుము దానంతట అదే తేలుతుంది. ఊపిరి కోసం తల ఎత్తకూడదు, పక్కకు తిప్పాలి. ఒక కన్ను నీటిలోనే ఉండాలి.

కాళ్ల విషయం తిరుపతి వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఆగకుండా ఎక్కే వాళ్లు కిక్‌బోర్డ్ (చేతులకు ఆసరాగా తేలే పలక) పట్టుకుని కాళ్లు ఆడిస్తే నీళ్లు బారెడు ఎత్తుకు ఎగురుతాయి, మనిషి మాత్రం కదలడు. తొడల్లో బలం లేక కాదు, చీలమండ బిగుసుకుపోయి! మెట్లెక్కేటప్పుడు పాదం మోకాలి వైపు పైకి వంగుతుంది. ఈతలో దానికి సరిగ్గా వ్యతిరేకంగా వెనక్కి సాగాలి. పాదం సాగకపోతే కిక్ నీటిని వెనక్కి నెట్టలేదు. మోకాళ్లు బాగున్న వారికి రోజూ కాసేపు వజ్రాసనం దీనికి మంచి మందు.

చేతుల్లో తప్పు పై నుంచి చూస్తే కనపడదు. చేయి నీటిలోకి దిగాక మోచేయి పైనే నిలబడి, ముంజేయి నిలువుగా కిందికి తిరగాలి. అప్పుడు అరచేతితో పాటు ముంజేయి మొత్తం నీటిని వెనక్కి తోస్తుంది. మోచేయి ముందే జారిందా, చేయి నీటిని కిందికి నొక్కుతుంది. ఛాతీ పైకి లేస్తుంది, కాళ్లు మళ్లీ మునుగుతాయి. మనిషికి మాత్రం చాలా కష్టపడినట్టే ఉంటుంది.

ఇక సాధన సంగతి. పూర్తి బలంతో ఈదే మొదటి పది సెకన్లకు ప్రధాన ఇంధనం కండరంలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియేటిన్. అది దాదాపు పూర్తిగా నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఇరవై సెకన్లు ఆగి మళ్లీ బయల్దేరితే అలసిన కండరం నెమ్మదిగానే ఈదుతుంది. నాడులు కూడా ఆ నెమ్మదినే నేర్చుకుంటాయి. అందుకే 15 మీటర్లు ప్రాణం పెట్టి ఈదడం, మూడు నిమిషాలు తీరిగ్గా ఆగడం, అలా ఆరేడు సార్లు. గోడ పట్టుకుని నిలబడితే బద్ధకమనుకుంటారు. అనుకోనివ్వండి. వయసుతో ముందుగా సన్నబడేవి వేగంగా సంకోచించే కండర తంతువులే. వాటిని పనిలోకి దించేవి ఇలాంటి పొట్టి వేగపు ఈతలు, బరువులు ఎత్తడం. నిదానపు ల్యాపులు వాటి జోలికి పెద్దగా పోవు.

ఈత వదిలి తిరిగి వచ్చిన వారి కథలు 50 మీటర్ల పోటీలో తక్కువేమీ కాదు. అమెరికాకు చెందిన ఆంథొనీ ఎర్విన్ 2000లో 19 ఏళ్లకు 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఒలింపిక్ స్వర్ణం గెలిచి, కొన్నేళ్లకు ఈత వదిలేసి, తిరిగొచ్చి 2016లో 35 ఏళ్లకు మళ్లీ గెలిచాడు. అమెరికాకే చెందిన డారా టోరెస్ 41 ఏళ్ల వయసులో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 24.07 సెకన్లలో ఈది, సెకనులో వందో వంతు తేడాతో స్వర్ణం పోగొట్టుకుంది. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆస్ట్రేలియా ఈతగాడు కామెరాన్ మెకెవోయ్. టోక్యో ఒలింపిక్స్ తర్వాత విరామం తీసుకుని, తిరిగి వచ్చాక ఈదే దూరాన్ని బాగా తగ్గించి బలం మీద దృష్టి పెట్టాడు. 2024 పారిస్‌లో 21.25 సెకన్లతో స్వర్ణం అతనిదే. వీళ్ల వెనుక చిన్ననాటి నుంచి చేసిన సాధన ఉందన్నది మరిచిపోకూడదు.

రెండు జాగ్రత్తలు. భుజం కండరాలు ఊపిరి కంటే నెమ్మదిగా గట్టిపడతాయి కాబట్టి తొలి నెలల్లో పూర్తి బలం ప్రయోగించవద్దు. దూకే ముందు గబగబా ఊపిరి పీల్చి వదలడం ప్రమాదం: రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే నీటిలో స్పృహ తప్పవచ్చు.

ప్రగతి తెలుసుకోవాలంటే ఒక్క గడియారం చాలదు. 25 మీటర్లకు పట్టిన సమయంతో పాటు ఎన్నిసార్లు చేతులు వేశారో కూడా లెక్కపెట్టండి. సమయం తగ్గి చేతుల లెక్క పెరగకపోతే నిరోధం తగ్గినట్టు. లెక్క పెరిగినా సమయం మారకపోతే మోచేయి మళ్లీ జారుతోంది.