పదహారు చెంచాలు, ఐదు మైళ్లు

మూత తీసి మర్చిపోయిన కూల్‌డ్రింక్‌ని మర్నాడు ఎప్పుడైనా నోట్లో పోసుకున్నారా? గ్యాస్ పోయి, చల్లదనం పోయి, జిలేబీ పాకంలా పళ్లకి అంటుకుంటుంది. చక్కెర నిన్న కూడా అంతే ఉంది. కాకపోతే చల్లటి నాలుకకి తీపి సరిగ్గా తెలియదు, పైగా పులుపు దాన్ని కప్పేస్తుంది. కోలా పులుపు తక్కువదేం కాదు: పులుపుని కొలిచే పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2.5 దరిదాపుల్లో, అంటే దాదాపు నిమ్మరసమంత. 590 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 16 చెంచాల చక్కెర దాక్కునేది ఆ చాటునే. అంత చక్కెర మంచినీళ్లలో కలిపి ఇస్తే ఏ పిల్లాడైనా రెండో గుక్కకే గ్లాసు పక్కన పెట్టేస్తాడు.

మరి ఈ లెక్క చెబితే మానేస్తారా? అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే తేల్చుకోవాలనుకున్నారు. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటల్లో ఆరు చిన్న కొట్లు ఎంచుకుని, అక్కడ బోర్డులు పెట్టారు. సీసాలో 250 కేలరీలున్నాయని ఒకటి, 16 చెంచాల చక్కెర ఉందని ఒకటి, అది కరగాలంటే 50 నిమిషాలు పరుగెత్తాలని ఒకటి, 5 మైళ్లు నడవాలని ఇంకొకటి. 12–18 ఏళ్ల పిల్లలు ఏం కొంటున్నారో గమనించారు. 2014లో ఫలితాలు వచ్చాయి: కొన్న డ్రింకుల్లో చక్కెరవి 98 శాతం నుంచి 89కి తగ్గాయి. అంతేనా అనిపిస్తుంది. కానీ 16 ఔన్సులు, అంటే సుమారు 470 మిల్లీలీటర్లు దాటిన పెద్ద సీసాలు కొనడం 54 శాతం నుంచి 37కి పడింది. నాకు అసలు కబురు ఇదే.

పొగతాగేవాళ్లు ఎలా మానుతున్నారో చూసి ప్రొచాస్కా, డిక్లెమెంటె అనే మనస్తత్వవేత్తలు 1980ల్లో ఒక మాట చెప్పారు. మానడం ఒక్క రోజులో జరగదు. అసలు ఆ ఊసే లేని దశ, ఆలోచనలో పడ్డ దశ, సిద్ధపడే దశ, ఆ తర్వాతే ఆచరణ, దాన్ని నిలబెట్టుకోవడం. ఊసే లేనివాడికి 'షుగర్ వస్తుందిరా' అంటే చెవికెక్కదు. పదిహేనేళ్లవాడికి నలభై ఐదో ఏడు వేరే దేశం లాంటిది. ఐదు మైళ్లు అలా కాదు, కాళ్లకి తెలిసిన లెక్క. డ్రింక్ మానడానికి సిద్ధంగా లేనివాడు కూడా చిన్న సీసా అందుకోగలడు.

ఇంకో తమాషా ఉంది. కొట్లోంచి బయటికొచ్చిన పిల్లల్ని ఆపి అడిగితే, బోర్డు చూశామన్నది మూడో వంతుకి కాస్త ఎక్కువ మందే. అయినా బోర్డులు పీకేశాక ఆరు వారాలు గమనిస్తే, కొనుగోళ్లు మునుపటంత పైకి లేవలేదు.