హంగ్ వస్తే బ్రిటన్‌లో మొదటి అవకాశం ఎవరిది?

ఎవరికీ మెజారిటీ రాకపోతే అతిపెద్ద పార్టీని పిలవాలన్న మాట మనకు బాగా అలవాటు. 1996లో రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ఆ లెక్కనే వాజ్‌పేయిని పిలిచారు. ఆ ప్రభుత్వం 13 రోజులకే పోయింది. మనకు ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బ్రిటన్‌లో మాత్రం అలాంటి నియమమే లేదు. ఫలితాలు ఎలా వచ్చినా, పాత ప్రధాని రాజీనామా చేసేదాకా ఆయనే ప్రధాని. కావాలంటే కొత్త సభకు వెళ్లి బలం తేల్చుకోవచ్చు.

1923 డిసెంబరు ఎన్నికల తర్వాత కన్సర్వేటివ్ ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్ చేసింది అదే. దిగుమతి సుంకాల మీద ప్రజల తీర్పు కోరిన కన్సర్వేటివ్‌లకు 258, లేబర్‌కు 191, లిబరల్స్‌కు 158 సీట్లు వచ్చాయి. సుంకాలు వద్దన్న రెండు పార్టీలూ ఒకవైపు నిలవడంతో జనవరిలో బాల్డ్విన్ సభలో ఓడిపోయారు. రెండో స్థానంలో ఉన్న లేబర్ నాయకుడు రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రధాని అయ్యారు. ఆ పార్టీకి అధికారం దక్కడం అదే మొదటిసారి.

1974 ఫిబ్రవరి కథ ఇంకా చిక్కు. గని కార్మికుల సమ్మె, కరెంటు కొరతతో పరిశ్రమలకు వారానికి మూడే పని దినాలు. దేశాన్ని ఏలేది ఎవరో తేల్చమంటూ కన్సర్వేటివ్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ఎన్నికలకు వెళ్లారు. జనం ఎటూ తేల్చలేదు. ఓట్లు కన్సర్వేటివ్‌లకు ఎక్కువ, సీట్లు లేబర్‌కు ఎక్కువ: కన్సర్వేటివ్‌లకు 297, లేబర్‌కు 301. హీత్ రాజీనామా చేయకుండా లిబరల్ నాయకుడు జెరెమీ థోర్ప్‌ను పిలిపించి మంత్రి పదవి ఇస్తానన్నారు. కానీ లిబరల్స్‌కు కావలసింది ఎన్నికల పద్ధతిలో మార్పు. అరవై లక్షల ఓట్లు తెచ్చుకుంటే చేతికొచ్చింది 14 సీట్లు! వాళ్ల కోపం ముమ్మాటికీ న్యాయమే. అయినా ఇద్దరూ కలిసినా 311. 635 మంది ఉన్న సభలో అది చాలదు. మార్చి 4న హీత్ తప్పుకున్నారు, లేబర్ నాయకుడు హెరాల్డ్ విల్సన్ మైనారిటీ ప్రభుత్వం వచ్చింది.

2010 నాటికి అధికారులు ముందే జాగ్రత్తపడ్డారు. ఎవరిని పిలవాలన్న రాజకీయ రొంపిలోకి రాణిని లాగకూడదన్నది వాళ్ల పట్టుదల. కేబినెట్ సెక్రటరీ గస్ ఓడానెల్ ఆ ఫిబ్రవరిలోనే సంప్రదాయాలన్నీ ముసాయిదాగా రాయించారు. మే 6న ఓట్లు పడ్డాక కన్సర్వేటివ్‌లు 306, లేబర్ 258, లిబరల్ డెమోక్రాట్లు 57. లేబర్, లిబరల్ డెమోక్రాట్లు కలిస్తే 315, కావలసింది 326. ఎక్కువ ఓట్లు, సీట్లు వచ్చిన పార్టీతోనే ముందు మాట్లాడతానని లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ అన్నారు. అది ఆయన పెట్టుకున్న నియమమే తప్ప బ్రిటన్ సంప్రదాయం కాదు.

ఆ ఐదు రోజులూ లేబర్ ప్రధాని గోర్డన్ బ్రౌన్‌ను కొన్ని పత్రికలు ఓడినా కుర్చీ వదలడం లేదని ఆడిపోసుకున్నాయి. ఇది అన్యాయం. తర్వాత ఎవరో తేలకుండా ప్రధాని వెళ్లిపోతే దేశానికి ప్రభుత్వమే ఉండదు, నిర్ణయం రాణి నెత్తిన పడుతుంది. ఆయన ఉండటం బాధ్యత. లిబరల్ డెమోక్రాట్లకు లేబర్‌తో పొత్తు సులువవుతుందని, పార్టీ నాయకత్వం వదిలేస్తానని కూడా మే 10న ప్రకటించారు. మర్నాడు సాయంత్రం, కన్సర్వేటివ్‌లకు, లిబరల్ డెమోక్రాట్లకు మధ్య ఒప్పందం ఇంకా పూర్తిగా ఖాయం కాకముందే, భార్యతో, ఇద్దరు చిన్న కొడుకులతో చేతులు పట్టుకుని డౌనింగ్ స్ట్రీట్‌లో నడిచి వెళ్లిపోయారు. ఆ రాత్రికి కన్సర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్ ప్రధాని, క్లెగ్ ఉప ప్రధాని.

పొత్తులో చిన్న పార్టీ అయిన లిబరల్ డెమోక్రాట్లు దీనికి పెద్ద మూల్యమే చెల్లించారు. పట్టుబట్టి సాధించుకున్న, ఓటింగ్ పద్ధతి మార్పుపై రెఫరెండం 2011లో చిత్తుగా ఓడింది. కాలేజీ ఫీజులు పెంచబోమని సంతకాలు చేసినవాళ్లే వాటిని ఏడాదికి 9,000 పౌండ్ల దాకా పెంచిన ప్రభుత్వంలో కూర్చున్నారు. 2015లో వాళ్లకు మిగిలింది 8 సీట్లు.

అందుకే 2017లో కన్సర్వేటివ్ ప్రధాని థెరిసా మే మెజారిటీ పోగొట్టుకున్నప్పుడు లిబరల్ డెమోక్రాట్లు ఏ పొత్తుకూ రామన్నారు. ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన డెమోక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ (డీయూపీ), తన 10 మంది ఎంపీలతో బయటి నుంచే మద్దతిచ్చింది. ఒక్క మంత్రి పదవీ అడగకుండా, తమ ప్రాంతానికి 100 కోట్ల పౌండ్ల అదనపు నిధులు రాయించుకుంది.